కత్తిరించి అతికించిన గొంతు

మా ఊరి బడిలో ఒకే ఒక్క కంప్యూటర్ ఉండేది. దుమ్ము పడుతుందని దానిమీద ఎప్పుడూ ఒక పూల దుప్పటి కప్పి ఉంచేవాళ్లు. తనిఖీకి ఎవరైనా వస్తే దుప్పటి తీసేవాళ్లు, ఆయన గేటు దాటగానే మళ్లీ కప్పేసేవాళ్లు. అందుకని కంప్యూటర్ గురించి నాకు బడిలో అబ్బిన విద్య ఒక్కటే: దాని పక్కనుంచి చప్పుడు చేయకుండా నడవడం.

చిత్రమేమిటంటే, తర్వాత నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది కూడా ఆ విద్యే.

చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చిన్న సంస్థ మాది. టైర్ల దుకాణం పైన మూడు గదులు. ఒకటి సెక్రటరీగారిది, ఒకటి పుస్తకాలదీ డిస్కులదీ, మూడోది రికార్డింగు గది. దాని గోడలకు పాత పరుపులు మేకులతో కొట్టి ఉంటాయి. తలుపు సందుల్లో గుడ్డపేలికలు కుక్కి ఉంటాయి. లోపలికి వెళ్లేవాళ్లు చెప్పులు బయట విప్పి, జేబులో చిల్లర బల్లమీద పోసి, ఫ్యాను ఆపేసి వెళ్లాలి. నాకంటే ముందు అక్కడ పనిచేసినావిడ నడుముకు తాళాలగుత్తి దోపుకుని తిరిగేదట. ఆ గలగల ఒక నవల నిండా పడింది. వినేవాళ్లు ఆ గుత్తి కూడా కథలో పాత్రేననుకుని, దాని సంగతి ఎప్పుడు తేలుతుందా అని ఆఖరి పేజీదాకా కాచుకుని కూర్చున్నారట.

ఇంటర్వ్యూ రోజున నేను సెక్రటరీగారి గదిలోకి వెళ్లి నిలబడ్డాను. ఆయన రాసుకుంటూ ఉన్నారు. చాలాసేపటికి తలెత్తి, నన్ను చూసి ఉలిక్కిపడి, కలం కింద పడేశారు.

"ఎంతసేపైందమ్మాయ్ వచ్చి?"

"టీ వచ్చినప్పుడండీ."

ఆయన బల్లమీద చల్లారిపోయిన టీ వైపు చూశారు. "రేపట్నుంచి వచ్చెయ్," అన్నారు.

అలా నోరు మూసుకుని ఉండటమే అర్హతగా పనిలో చేరాను. లోకంలో ఎంతమంది ఆ అర్హత లేక పైకొచ్చారో తర్వాత తెలిసింది.

మా దగ్గర పుస్తకాలు చదివేది అత్తయ్యగారు. ఆవిడ మాలో ఎవరికీ అత్త కారు, అందరికీ అత్తయ్యగారే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. "లైన్లో ఉండండి అని నేనంటే, పని అయిపోయినా జనం పెట్టేసేవాళ్లు కాదే పిల్లీ," అని చెప్పేవారు. పిల్లి అంటే నేనే. అడుగుల చప్పుడు వినపడదని ఆవిడ పెట్టిన పేరు. పాలు తాగే అలవాటు కూడా ఉండటంతో అది స్థిరపడిపోయింది.

చదువుతుండగా తప్పు దొర్లితే అత్తయ్యగారు రికార్డింగు ఆపరు. ఒక్కసారి చప్పట చరిచి, ఆ వాక్యం మొదటినుంచి మళ్లీ అందుకుంటారు. కంప్యూటరు తెరమీద ఆవిడ గొంతు గడ్డిపోచల్లా గీతలు గీతలుగా పోతూ ఉంటుంది. చప్పట పడినచోట మాత్రం తాటిచెట్టంత గీత లేస్తుంది. తర్వాత నేను కూర్చుని, ఆ తాటిచెట్లను వెతికి, తప్పునూ చప్పటనూ కలిపి కత్తిరిస్తాను. నా పనల్లా అదే. పొద్దున్నుంచి సాయంత్రందాకా కత్తిరించడం. ఆ గదిలో చప్పటంటే మెచ్చుకోలు కాదు, తప్పు. అది నాకు ఎంతగా అలవాటైపోయిందంటే, బయట ఏ సభలోనైనా ఎవరికైనా చప్పట్లు కొడితే, పాపం ఏం తప్పు మాట్లాడాడో అని జాలేసేది.

ఇంటిదగ్గర నా హోదా వేరు. అక్కా బావల ఇంట్లో ముందు గది నాది. బావ సరుకుల వ్యాను నడుపుతాడు. వీధిలో ఎవరు కనిపించినా, "మా మరదలు కంప్యూటర్ల మనిషి," అని చెప్పేవాడు. ఫలితంగా వీధివాళ్లు నా దగ్గరికి ఇస్త్రీపెట్టెలూ, పాడైన టీవీ రిమోట్లూ, ఒకసారి నీళ్ల మోటారూ తెచ్చారు.

"దానికి ఫ్యూజు వెయ్యడం కూడా రాదండీ," అని అక్క వాళ్లకు నచ్చచెప్పేది.

"అవి చిన్న పనులు కదా, ఆవిడ స్థాయి కాదు," అని వాళ్లు గౌరవంగా మోటారు పట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. నేను కాదనేదాన్ని కాదు. మాట్లాడకపోవడంలో ఉన్న సుఖం అదే, మనకు రానివన్నీ వచ్చనుకుంటారు.

ఆ చలికాలంలో అత్తయ్యగారి గొంతు బొంగురుపోయింది. చల్లగాలి వల్లనుకున్నారు, మిరియాలపాలతో పోతుందనుకున్నారు, చివరికి డాక్టరు చూసి లోపల చిన్న కణితి ఉందన్నాడు. ఆపరేషన్ చేస్తే గొంతు వస్తుంది గానీ, ఇదే గొంతు వస్తుందని మాటివ్వలేనన్నాడు. అప్పటికి ఆవిడ ఒక పెద్ద నవల చదువుతున్నారు. నది దాటించే పడవవాడూ, అతని ముగ్గురు కూతుళ్లూ, ఆ పడవ చుట్టూ కథ. రోజుకు కాసేపే మాట్లాడమన్నారని, ఇంట్లో అసలు నోరు తెరవకుండా ఆ కాసేపూ దాచుకొచ్చి మా దగ్గర ఖర్చుపెట్టేవారు. అలా ఆఖరి ప్రకరణం పూర్తిచేశారు.

పూర్తయిన రోజున బయటికొచ్చి నీళ్లు తాగి, నెమ్మదిగా అన్నారు: "ఇన్నేళ్లు నా గొంతు అవతలివాళ్లకే వినిపించాను గానీ నేను విన్లేదే పిల్లీ. ఇదొక్కటి వినాలనుంది. మొత్తం అక్కర్లేదు, ఆఖరి ప్రకరణం చాలు. సోమవారం ఆపరేషను. ఈలోపల వినిపించు. తర్వాత ఎవరి గొంతుతో లేస్తానో ఏమో."

"శనివారం వినిపిస్తానండీ," అన్నాను. అంత పొడుగు వాగ్దానం నేనంతకుముందు ఎవరికీ చేయలేదు.

సరిగ్గా ఆ వారమే మాకు కొత్త కంప్యూటర్ వచ్చింది. ఏదో ఆఫీసు మూసేస్తూ దానం చేసింది. మా పాత కంప్యూటర్‌కి పొద్దున్నే వీపుమీద ఒకటి చరిస్తేగాని మెలకువ వచ్చేది కాదు. కొత్తది వేరే రకం, వేరే పద్ధతి. మూసే గుర్తు కుడివైపు కాకుండా ఎడమవైపు ఉంది. అది చూసి మొదటిరోజు నేను దాన్ని మూయలేక తెరిచే వదిలి ఇంటికొచ్చాను.

సెక్రటరీగారు పిలిచి చెప్పారు. "అమ్మాయ్, పాతదాంట్లోంచి అత్తయ్యగారి నవల కొత్తదాంట్లోకి ఎక్కించు. మిగతా పుస్తకాలన్నీ డిస్కుల్లో ఉన్నాయి, ఫరవాలేదు. ఇది మాత్రం అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. అయ్యాక పాతదాన్ని రిపేరు బాబాయ్ పట్టుకెళ్తాడు."

నేను పాతదాని ముందు కూర్చున్నాను. నవల పేరుతో ఒక ఫైలు కనిపించింది. దాని పక్కనే అదే పేరుకు తోక తగిలించుకుని ఒక ఫోల్డరు ఉంది. తెరిచి చూస్తే అందులో చీమలపుట్టలా వేలకొద్దీ తునకలు. వాటి పేర్లు కీబోర్డుమీద కోడి నడిచినట్టు ఉన్నాయి. ఇది వైరస్ అని తేల్చుకున్నాను. వైరస్ అనే మాట నాకు పరిచయమై వారమే అయింది, అందుకని ఎక్కడ చూసినా అదే కనిపించేది. ఆ ఫోల్డరును ముట్టుకోకుండా, ఫైలును మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. తీసుకోవడమంటే కాపీ కాదు. కత్తిరించి, అక్కడ అతికించాను. రోజంతా కత్తిరించే చెయ్యి కదా, దానికి తెలిసిన పని అది చేసింది. పైగా ఎక్కించమన్నారంటే ఇక్కడ ఉండకూడదనే కదా అర్థం అనుకున్నాను.

కళ్లు మూసి తెరిచేలోపల పని అయిపోయింది. అంత పెద్ద నవల, ముగ్గురు కూతుళ్లు, రెండు వరదలు, మూడు పెళ్లిళ్లు, ఒక్క క్షణంలో! ఎవరికైనా అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది.

కొత్తదాంట్లో అదే రికార్డింగు ప్రోగ్రాము ఉంది. ఫైలు తెరవగానే పొడుగాటి ఇంగ్లీషు హెచ్చరికతో ఒక పెట్టె వచ్చింది. కింద 'సరే' అని ఒక మీట ఉంది. పెద్దవాళ్లు అంత పొడుగ్గా ఏదైనా చెబితే సరే అనడమే నాకు తెలిసిన మర్యాద. అన్నాను. నవల తెరుచుకుంది. పొడుగు చూశాను, ఎన్ని గంటలుండాలో అన్ని గంటలూ ఉంది. వినలేదా అంటే, స్పీకర్లు ఇంకా రాలేదు, మా హెడ్‌ఫోన్ల పిన్ను దీనికి పట్టలేదు.

రిపేరు బాబాయ్ వచ్చి పాతదాన్ని భుజాన వేసుకున్నాడు. "ఇందులో ఇంకేం అక్కర్లేదుగా?" అని అడిగాడు.

"వైరస్ ఉంది, జాగ్రత్త," అన్నాను. ఆ వారంలో నేను ఇచ్చిన ఏకైక సాంకేతిక సలహా అది.

శనివారం మధ్యాహ్నం స్పీకర్లొచ్చాయి. అత్తయ్యగారు ఇస్త్రీచీర కట్టుకుని వచ్చారు. సెక్రటరీగారు స్వయంగా కుర్చీ తెచ్చి వేసి, కింద దుకాణంవాళ్లను కాసేపు టైర్లు దొర్లించవద్దని బతిమాలి వచ్చారు. ఫ్యాను ఆపాం. ఆఖరి ప్రకరణం దగ్గర గుర్తు పెట్టి, మీట నొక్కాను.

అంకెలు కదిలాయి. చప్పుడు లేదు.

"మొదట్లో కొంచెం ఖాళీ ఉంటుందండీ," అన్నాను.

ఖాళీ కొనసాగింది. స్పీకరు గుండీ పెంచాను. మరికాస్త పెంచాను. సెక్రటరీగారు కళ్లు మూసుకుని తల ఊపడం మొదలుపెట్టారు.

"ఎంత శుభ్రంగా ఉందమ్మా! పాతదాంట్లో వెనకాల గుర్రుమని ఒక రొద ఉండేది చూడు, అది అస్సల్లేదు."

"మాట కూడా లేదు కదండీ," అన్నారు అత్తయ్యగారు.

"వస్తుంది, వస్తుంది. యంత్రం కొత్తది కదా."

మేం ముగ్గురం ఆ శుభ్రతను చాలాసేపు విన్నాం. తెరమీద గడ్డిపోచలు లేవు. ఈ చివరినుంచి ఆ చివరికి, దువ్విన పాపిడిలాగా, ఒకటే గీత. ఆ హెచ్చరిక పెట్టె ఏం చెప్పిందో అప్పుడు మళ్లీ తెరిచి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాను. గొంతు ముక్కలు దొరకలేదనీ, వాటి స్థానంలో నిశ్శబ్దం పెట్టమంటారా అనీ అది అడిగింది. నేను సరే అన్నాను. నా ఫైలులో ఉన్నది గొంతు కాదు, ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలో ఆ వరస మాత్రమే. గొంతంతా ఆ చీమలపుట్టలో ఉంది.

విషయం చెప్పాను. నాలుగు మాటల్లో చెప్పాల్సింది పది మాటలు పట్టింది. సెక్రటరీగారు కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచారు. అత్తయ్యగారు నన్నే చూస్తూ ఉన్నారు.

"డాక్టరు సోమవారం తీస్తానన్నాడు కదే పిల్లీ," అన్నారు, గొంతు గీరుకుపోతుంటే. "నువ్వు శనివారమే తీసేశావా?"

తిట్టినా బాగుండేది. ఆవిడ నవ్వబోయి, నవ్వలేక, కొంగుతో నోరు ఒత్తుకున్నారు. నేను కోపంతో ఆ ఫైలును పట్టుకుని కంప్యూటరు చెత్తబుట్టలోకి విసిరికొట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగాను. మెట్లు అయిపోయాక చెప్పులు వేసుకున్నాను. కంగారులో కూడా చప్పుడు చేయకూడదన్న శిక్షణ అలాంటిది.

రిపేరు బాబాయ్ దుకాణంలో పాత కంప్యూటర్ డొక్క చీల్చి ఉంది.

"దాని డిస్కా? తుడిచేసి నిన్ననే డాన్స్ మాస్టారికి బిగించానమ్మా," అన్నాడు.

"తుడిచేశారా!"

"తుడవడమంటే పలక తుడిచినట్టు కాదులే. ఇంటికి టులెట్ బోర్డు పెట్టినట్టు. కొత్తవాళ్లు దిగేదాకా పాతవాళ్ల సామాను లోపలే ఉంటుంది."

"కొత్తవాళ్లు దిగారా?"

బాబాయ్ తల గోక్కున్నాడు. "ఆ మాస్టారు పాటల పిచ్చోడమ్మా. నిన్నట్నుంచి సామాను దించుతూనే ఉండి ఉంటాడు. పద."

డాన్స్ స్కూలు రెండు వీధుల అవతల ఉంది. ఆ వీధి మొదట్లోనే డప్పు మన కడుపులో మోగడం మొదలవుతుంది. లోపల అద్దాల గోడ, పాతికమంది పిల్లలు, మధ్యలో తువ్వాలు మెడకు చుట్టుకుని మాస్టారు. మూలన కంప్యూటర్. దాని తెరమీద ఆకుపచ్చ పట్టీ ఒకటి మెల్లగా పాకుతోంది. పాటలు ఎక్కుతున్నాయి. అది పాకిన ప్రతి అంగుళం కింద అత్తయ్యగారు ఉన్నారు.

"ఏవండీ, అది ఆపండి," అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. ఒక పిల్ల నా కాలు తొక్కి వెళ్లింది. బాబాయ్ కూడా అరిచాడు గానీ, మాస్టారు అది పాటలో కోరస్ అనుకున్నట్టున్నాడు, ఇంకా ఊపుగా ఎగిరాడు. జీవితమంతా మెత్తగా నడవడం నేర్చుకున్న మనిషికి గట్టిగా పిలవాల్సి వస్తే ఏం చేయాలో తెలియదు. నాకు తెలిసిన పెద్ద చప్పుడు ఒక్కటే. రెండు చేతులూ ఎత్తి, అత్తయ్యగారు చరిచినట్టు, ఒక్క చప్పట చరిచాను.

పాతికమంది పిల్లలూ ఠక్కున ఆగిపోయారు. గబగబా వెనక్కి పరిగెత్తి, పాట మొదట్లో నిలబడే వరసల్లోకి చేరిపోయారు. మాస్టారు చెయ్యి దానంతటదే వెళ్లి పాట ఆపేసింది. అక్కడ కూడా చప్పటంటే మొదటినుంచి మళ్లీ అనేనట.

"ఎవరు కొట్టింది?" అన్నాడు మాస్టారు.

అందరూ నావైపు తిరిగారు. అద్దాల్లో ఉన్నవాళ్లతో కలిపి లెక్కేస్తే, ఒక ఊరు ఊరంతా నన్ను చూస్తున్నట్టుంది.

"మీ కంప్యూటర్‌లో మా అత్తయ్యగారున్నారు," అన్నాను.

మాస్టారు కంప్యూటర్ వైపు చూశాడు, నావైపు చూశాడు. "ఏ బ్యాచ్ అమ్మా?" అన్నాడు.

బాబాయ్ ముందుకొచ్చి విషయం విప్పి చెప్పాడు. మాస్టారుకు సగమే అర్థమైంది. కానీ ఆపరేషన్ అన్న మాట దగ్గర మెత్తబడి, తనే వెళ్లి ఆకుపచ్చ పట్టీని ఆపాడు. "మరి మా వార్షికోత్సవం పాటలు?" అన్నాడు.

"నేను మళ్లీ ఎక్కిస్తానండీ," అన్నాను.

"ఆవిడొద్దు మాస్టారూ," అన్నాడు బాబాయ్ వెంటనే. "నేనెక్కిస్తా."

ఆ డిస్కును విప్పి తెచ్చుకుని, ఆదివారమంతా బాబాయ్ దుకాణంలో కూర్చున్నాం. చెరిపిన ఫైళ్లను వెతికి తీసే ప్రోగ్రాము ఏదో పెట్టి, అతను టీలమీద టీలు తాగుతూ ఒక్కో పాత సామానూ బయటికి లాగాడు. ఆ ప్రోగ్రాము తనకూ కొత్తేనని మధ్యాహ్నం ఒప్పుకున్నాడు. నేను వైరస్ అనుకున్న ఫోల్డరు తిరిగొచ్చింది, వేలకొద్దీ తునకలతో. ఒకటి మీటి చూశాను.

"...గట్టుమీద చెప్పులు వదిలి..." అన్నారు అత్తయ్యగారు.

ఇంకోటి మీటాను. "...అని రెండోది మూతి తిప్పుకుంది, పెద్దది..."

నాకు ఏడుపొచ్చింది. బాబాయ్ మాత్రం నోరు తెరిచి చూస్తున్నాడు. "ఇన్ని ముక్కలా! ఏది ముందో ఏది వెనకో ఎవరికి తెలుసమ్మా? కూర్చుని కలపాలంటే నీకు పెళ్లై పిల్లలు పుట్టి వాళ్లొచ్చి కలపాలి."

ఎవరికి తెలుసో నాకు తెలుసు. నేను కత్తిరించి పట్టుకుపోయిన ఫైలుకు తెలుసు. వరసంతా దాంట్లోనే ఉంది. దాన్నే నేను శనివారం వీరావేశంతో చెత్తబుట్టలో వేశాను. పెన్‌డ్రైవ్‌లోది కూడా అప్పటికే తీసేశాను, అక్కడినుంచి కూడా కత్తిరించే కదా తెచ్చింది.

బావకు ఫోన్ చేస్తే వ్యాను తెచ్చాడు. సెక్రటరీగారి ఇంటికెళ్లి తాళాలు తీసుకుని, కొత్త కంప్యూటర్ తెరిచాను. చెత్తబుట్టలో ఫైలు భద్రంగా ఉంది. చెత్తబుట్ట ఖాళీ చేయడం ఎలాగో నాకు తెలియకపోవడం వల్లే అది బతికింది. నా అజ్ఞానం నన్ను కాపాడిన సందర్భం అదొక్కటే కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

"ఈసారి కాపీయేనా?" అన్నాడు బావ, వెనకనుంచి తొంగిచూస్తూ.

"కాపీయే."

"ఏదీ, నన్ను చూడనీ. పక్కవాళ్లకి నేను చెప్పుకున్న మాటలున్నాయి."

దుకాణానికి తెచ్చి, ఫైలునూ ఫోల్డరునూ పక్కపక్కన పెట్టి తెరిచాం. హెచ్చరిక పెట్టె మళ్లీ వచ్చింది. ఈసారి దాన్ని పూర్తిగా చదివాను. కొన్ని ముక్కలు మాత్రమే దొరకలేదని చెప్పింది. తెరమీద గడ్డి మొలిచింది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా, వరసగా, దట్టంగా. ఆఖరి ప్రకరణంలో ఒకచోట మాత్రం బట్టతల మీద మచ్చలా నున్నగా ఉంది. డాన్స్ మాస్టారి పాటలు దిగింది అక్కడే.

పుస్తకం తెచ్చి సరిచూసుకున్నాను. పోయింది పడవవాడు చనిపోయే చోటూ కాదు, చిన్నకూతురు తెడ్డు అందుకునే చోటూ కాదు. పడవ అడుగు చెక్కలకు తారు ఎలా కాచి, ఎలా పూయాలో చెప్పే రెండు పేజీలు. కన్నీళ్ల భాగం ఒకటి పోగొట్టి ఉంటే నా తప్పుకు కాస్త గాంభీర్యమైనా వచ్చేది.

ముక్కలన్నీ కలిపి, ఏ రకం కంప్యూటరైనా తెరవగలిగే మామూలు పాటల ఫైళ్లుగా మార్చాం. కొత్తదాంట్లోకి ఎక్కించాను. దానికి మన అక్షరాలు మింగుడుపడక ప్రకరణాల పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా చూపించింది. చూపిస్తే చూపించింది, నేను చూడటం మానేసి ఒక్కొక్కటీ చెవితో విని సరిచూశాను.

సోమవారం పొద్దున్న బావ వ్యానులో, కూరగాయల బుట్టల మధ్య కూర్చుని ఆసుపత్రికి వెళ్లాను. చేతిలో చిన్న ప్లేయరు, హెడ్‌ఫోన్లు. పిన్ను పడుతుందో లేదో ఇంటిదగ్గరే అక్క నాచేత మూడుసార్లు పెట్టించి చూసింది. అత్తయ్యగారు ఆసుపత్రి గౌనులో మంచంమీద కూర్చుని ఉన్నారు. హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు పెట్టి మీట నొక్కాను.

ముఖం చూస్తూ కూర్చున్నాను. మొదట కనుబొమలు ముడిపడ్డాయి, ఎవరో తెలియని మనిషి ఫోన్ చేసినట్టు. తర్వాత పోల్చుకున్నారు. తర్వాత పెదవులు, చప్పుడు లేకుండా, ఆ గొంతుతో పాటు కదలడం మొదలుపెట్టాయి. నర్సు వచ్చి నిలబడింది. ఆవిడ వేలెత్తి ఆగమన్నారు. నర్సు ఆగింది. ఎక్స్ఛేంజీ అలవాటు వేలిలో కూడా ఉన్నట్టుంది.

ఒకచోట ఆవిడ హెడ్‌ఫోను తీసి, నావైపు చూశారు. "ఇక్కడేమైంది?" అన్నారు గుసగుసగా.

"తారు పూసేదండీ. అదొక్కటీ పోయింది."

ఆవిడ భుజాలు ఊగాయి. నవ్వుతున్నారు. "అది చదువుతూ నాకే నిద్రొచ్చిందే." మళ్లీ హెడ్‌ఫోను పెట్టుకోబోతూ ఆగారు. "అయినా ఖాళీ వదలకు. లైను తెంపింది నువ్వు. కలిపేదీ నువ్వే."

"నేనా? నేను చదవలేనండీ."

"డాన్స్ స్కూల్లో చప్పట చరిచావటగా. సెక్రటరీగారు చెప్పారు. చదువుతావులే." చివరిదాకా విని, చెవులనుంచి తీసి, నా ఒళ్లో పెట్టి, నర్సుతో వెళ్లిపోయారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్ని వారాలపాటు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. గొంతు ఎలా వస్తుందో ఆ తర్వాతగాని తెలియదు. ఇంట్లో కూర్చోలేక ఆవిడ మెడకు పలచటి గుడ్డ చుట్టుకుని మా దగ్గరికొచ్చారు. వచ్చి, రికార్డింగు గది తలుపు తీసి, నన్ను లోపలికి వెళ్లమని వేలు చూపించారు. నా వెనకే వచ్చి, మూలన స్టూలుమీద కూర్చున్నారు.

మైకు ముందు పుస్తకం తెరిచాను. ఆ గదిలో నేను చేసిన మొట్టమొదటి పెద్ద చప్పుడు నా గుటక. చదవడం మొదలుపెట్టాను.

"తారును ముందుగా మందపాటి ఇనప..."

చప్పట.

నా మనసుకు ఒక్క క్షణం అది మెచ్చుకోలేమోనని ఆశ పుట్టింది. సిగ్గుపడి, ఆవిడవైపు చూసి నవ్వాను కూడా. ఆవిడ నవ్వలేదు. వేలు గిరగిరా తిప్పారు, మొదటినుంచి అని.

"తారును ముందుగా..." చప్పట. "తారును..." చప్పట. ముందు ముక్కుతో చదివానని చరిచారు. తర్వాత ఊపిరి మధ్యలో పీల్చానని. తర్వాత ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. తెరమీద తాటిచెట్లు తోపులా లేచాయి. కిందనుంచి టైర్ల దుకాణం మనిషి పైకొచ్చి, పైన ఎవరిదైనా సన్మానమా అని సెక్రటరీగారిని అడిగి వెళ్లాడట.

మధ్యాహ్నం దాటేసరికి నాకు తారు కాచడం వచ్చేసింది. ఎన్ని పొంగులు రావాలో, చెక్క సందుల్లో నార ఎలా కుక్కాలో, అంతా వచ్చేసింది; మా వీధిలో ఎవరైనా పడవ తెస్తే ఫ్యూజు కంటే బాగా తారు వేయగలను. చప్పటలు తగ్గాయి. ఒక పేజీ అంతా ఒక్కటీ పడలేదు. నా గొంతు నాకు వినపడుతోందని, అందులో సగం మా ఊరి బడి ఉందని, అయినా మరీ అంత అధ్వానంగా లేదని అనిపించింది. చివరి వాక్యానికి వచ్చాను.

"తారు ఆరేదాకా పడవను తలకిందులుగానే ఉంచాలి."

చప్పట.

సరే, తప్పు. మళ్లీ చదివాను. చప్పట. ఊపిరి సరిచేసుకుని, 'తలకిందులు'ను నొక్కకుండా చదివాను. చప్పట. ముక్కు చీదుకుని వచ్చి చదివాను. చప్పట. ఇంక ఎలా చదవాలో తోచక, ఏడుపు గొంతుతో చదివాను.

ఆవిడ తల పట్టుకున్నారు. స్టూలుమీంచి లేచారు. నా ఎదురుగా వచ్చి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, చరిచారు. మళ్లీ చరిచారు. మళ్లీ. ఆపకుండా.

ఆ గదిలో ఎవరూ, ఎప్పుడూ, ఒకటికి మించి చరిచి ఎరగరు. మూడోదో నాలుగోదో పడేదాకా నాకు అర్థంకాలేదు.

తర్వాత కూర్చుని తాటిచెట్లన్నీ కత్తిరించాను. చివర్లో ఉన్న ఆ గుబురు దగ్గరికొచ్చేసరికి చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్లింది. ఆపి, దాన్ని మాత్రం వేరే ఫైలులోకి తీసి దాచుకున్నాను. కాపీయే.